నాలుగో వంతు

గురువారం, బడి వదిలాక
మొఖోట్లాంగ్ కొండల మీద మా రేకుల గదిలో
నాలుగు కుర్చీలు. ఒకటి కుంటిది.
దాని కాలి కింద పాత హాజరుపట్టీ మడిచి పెట్టాం.

లోయ అవతలి బడి నుంచి న్తాతే సెఖోన్యానా
గుర్రం మీద వస్తాడు. భుజాన దుప్పటి, దుప్పటి మీద మంచు.
కింది ఊరి నుంచి మ్మే మాత్షెదిసో నడిచి వస్తుంది
మోకాళ్ళను తిట్టుకుంటూ, సంచిలో రొట్టెతో.
కెనెవొయెది మా బడే. చేరి ఏడాది కాలేదు.
ఇదంతా ఆ పిల్ల పెట్టిన చిచ్చు.

"మీ క్లాసులో వెనక కూర్చోనా?" అని అడిగింది మొదట.
ఇరవై రెండేళ్ళలో నా తలుపు తోసుకుని
పాఠం మధ్యలో లోపలికొచ్చింది ఇద్దరే:
ఒకసారి ఇన్‌స్పెక్టరు, ఒకసారి మేక.
కుదరదన్నాను.
"అయితే మీరే నా క్లాసుకి రండి.
భిన్నాల్లో పిల్లలు మునిగిపోతున్నారు. వాళ్ళతో పాటు నేనూ."
నాకు రాదు అని
ఇంత తేలిగ్గా ఒప్పుకునే టీచర్ని
అంతకు ముందు చూడలేదు నేను,
అద్దంలో కూడా.

వెళ్ళాను.
మోకాళ్ళు గడ్డానికి తగిలే చివరి బెంచీ.
మూడో వంతు పెద్దదా, నాలుగో వంతా
అని బోర్డు మీద రాస్తోందామె.
బోర్డు వైపు తిరిగిన వీపుకి చెవులుండవు.
నేను వెనక ఉన్నాను కాబట్టి విన్నాను.
గొర్రెల్ని తోలి, రబ్బరు బూట్లతోనే బడికొచ్చే త్ష్వారెలో
పక్కవాడి చెవిలో అంటున్నాడు:
"నాలుగో వంతే పెద్దది.
ఇంట్లో ముగ్గురమే ఉంటే రొట్టె చిన్నది.
గని నుంచి నాన్న వస్తే నలుగురం.
అప్పుడు ఒక్కొక్కరికీ ఇంత!"
అరచేతులు రెండూ ఎడంగా పట్టి చూపించాడు.

ఆ జవాబు మీద
ఎర్ర సిరాతో ఎన్ని ఇంటూలు కొట్టానో.
ఎంతమంది నాన్నల మీద.

ఆ సాయంత్రం చెప్పాను. స్టవ్వు మీద టీ పొంగిపోయింది,
ఎవరూ లేవలేదు.
"నాలుగు మూడు కన్నా పెద్దంకె గనక అలా అంటారని
పదిహేనేళ్ళుగా అనుకుంటున్నా," అన్నాడు సెఖోన్యానా.
"రెండు పక్కలా ఉన్నది ఒకే రొట్టె అని
మనమెప్పుడైనా చెప్పామా?" అంది మాత్షెదిసో.
చెప్పలేదు. పుస్తకం కూడా చెప్పలేదు.
ఆ తర్వాత అరుచుకున్నాం, చీకటి పడేదాకా.
రొట్టె కోసి చూపిద్దామని ఆమె,
పొద్దున తినని పిల్లల ముందు రొట్టె కోస్తావా అని అతను.

ఒకే పాఠం. వారానికొకరు చెప్పాలి.
మిగతా ముగ్గురూ వెనక కూర్చుని
టీచర్ని కాదు, పిల్లల్ని చూడాలి.
అదొక్కటే షరతు.
కెనెవొయె కాగితం మడతలు పెట్టించింది.
మాత్షెదిసో మాట వినక రొట్టే తెచ్చింది;
పాఠం సగంలోనే రొట్టె అయిపోయింది.
ఆమె బోర్డు చెరిపి, సరే, ఇవాళ్టికి తిందాం అంది.
సెఖోన్యానా గుర్రం పగ్గం విప్పుకొచ్చాడు.
నాలుగు మడతల దగ్గర మొదియెహి అనే పిల్ల
ముడి వేసి, వెనక్కి చూసి,
"ఓహ్, తగ్గిందే!" అంది.
ఆ మాట ముగ్గురం మూడు నోటుబుక్కుల్లో రాసుకున్నాం.
ముగ్గురి స్పెల్లింగూ వేరు.

ఈ వారం నాలుగోది. నా వంతు.
రాత్రంతా రాసి కొట్టేశాను.
తప్పు చెబుతానని కాదు భయం.
తప్పు చెప్పాక, వాళ్ళు మెల్లగా,
టీ కప్పు చేతికిచ్చి, ఏం చూశారో చెబుతారు.
దానికి.

తెల్లారింది. బెంచీలు వెనక్కి జరిపి మూడు కుర్చీలు వేశాను,
కుంటిది గోడవారగా.
తాడు తెచ్చాను. త్ష్వారెలోని ముందు అడగాలని
చేతి మీద పెన్నుతో రాసుకున్నాను.
గాలికి మూసుకుపోకుండా
తలుపుకి రాయి అడ్డం పెట్టాను.
మేక వస్తే రానీ.